జూలై నాలుగు, కడవెండి

అమెరికా చరిత్రలో ఫిలడెల్ఫియా నగరానికి చెందిన తేదీలు రెండున్నాయి. 1776 జూలై 4న అక్కడ వలస రాష్ట్రాల ప్రతినిధులు స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించారు. పదకొండేళ్ళకు, 1787 సెప్టెంబర్ 17న, అదే భవనంలో కొత్త రాజ్యాంగం మీద సంతకాలు పెట్టారు. మొదటిది పాత అధికారాన్ని కాదన్న రోజు, రెండోది కొత్త అధికారానికి చట్రం బిగించిన రోజు. మన తెలంగాణ చరిత్రలోనూ ఈ రెండు తేదీలే ఎదురవుతాయి. 1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర గడి నుంచి వచ్చిన తూటాకు ఒరిగిపోయాడు. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు, హైదరాబాద్ సంస్థానం భారత సైన్యం చేతికి వచ్చింది. తేదీలు కలవడం కాకతాళీయమే, దానికి అర్థాలు వెతకనక్కర లేదు. చూడవలసింది ఆ తేదీలతో రెండు సమాజాలు ఏం చేసుకున్నాయన్నది. అమెరికన్లు జూలై 4ను జాతి పండుగ చేసుకున్నారు. సెప్టెంబర్ 17 వాళ్ళ చట్టంలో రాజ్యాంగ దినమే గానీ ఆ రోజు ఆఫీసులు మూయరు, వీధుల్లో బాణసంచా కాల్చరు. మనం దీన్ని తిరగేసుకున్నాం. సెప్టెంబర్ 17 వస్తుందంటే జెండా ఎవరెగరేయాలి, ఆ రోజును ఏ పేరుతో పిలవాలి అన్న వాదం ఏటా రాజుకుంటుంది. జూలై 4న కొమరయ్య విగ్రహానికి ఒక దండ పడుతుంది, సాయంత్రానికి అది వాడిపోతుంది. ఈ అమరిక సరికాదని, జూలై 4ను లోతుగా అర్థం చేసుకోకుండా సెప్టెంబర్ 17 గురించి మాట్లాడటం కథను సగం నుంచి మొదలుపెట్టడమేనని ఈ వ్యాసంలో వాదిస్తున్నాను.

ముందు ఆ ఊరు ఎవరి గుప్పిట్లో ఉండేదో చూడాలి. కడవెండి ఇప్పుడు జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలో ఉంది. అప్పట్లో జనగామ నల్లగొండ జిల్లాలో ఒక తాలూకా. ఆ చుట్టుపక్కల ఊళ్ళ మీద విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి పెత్తనం నడిచేది. నలభై ఊళ్ళలో నలభై వేల ఎకరాలు ఆయన కింద ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో రాశారు. ఇంత భూమి ఒక్క కుటుంబం చేతికి ఎలా వచ్చింది? పందొమ్మిదో శతాబ్దంలో సాలార్‌జంగ్ భూమిశిస్తు వసూలును ప్రభుత్వ ఉద్యోగుల చేతికి మార్చినప్పుడు, అంతకుముందు వసూలు హక్కున్న దేశ్‌ముఖులకు పరిహారంగా వతన్లు దక్కాయి. ఊరి కాగితాలు వాళ్ళ కనుసన్నల్లోనే ఉండటంతో, సర్వేలు జరిగినప్పుడు సాగు చేసేవాడి పేరు ఒకటైతే రికార్డుకెక్కే పేరు మరొకటయ్యేది. దున్నిన వాడికి తన చెలక తనది కాదన్న సంగతి తెలిసేసరికే కాలం మించిపోయేది. భూమి పోయిన వాడికి మిగిలింది వెట్టి. చాకలి, మంగలి, కుమ్మరి, కురుమ, మాదిగ, ఒక్కో కులం గడికి ఏమేం ఊరకే చేయాలో, ఏమేం ఊరకే ఇవ్వాలో అలవాటే శాసనంగా నిర్ణయమై ఉండేది. కడవెండి గడిలో రామచంద్రారెడ్డి తల్లి జానకమ్మ ఉండేది. నాగు గింజల వడ్డీలు, జరిమానాలు, వెట్టి అన్నీ ఆమె నోటిమాట మీద నడిచేవి. అందుకే ఆ ఊళ్ళో నిజాం కంటే దొరసాని పెద్ద సర్కారు. పాలకుడు హైదరాబాదులో ఉన్నా పాలన గడిలోనే ఉందన్న ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. తర్వాతి వాదమంతా దీని మీదే నిలుస్తుంది.

ఆ పాలనకు ఎదురు నిలిచింది ఊరి సంఘం. 1944లో భువనగిరిలో జరిగిన పదకొండో ఆంధ్ర మహాసభ నుంచి ఆ సంస్థ చదువుకున్న పట్నం వాళ్ళ వేదికగా కాక రైతుకూలీల సంస్థగా మారింది. సభ్యత్వ చీటీ పుచ్చుకున్న జనం దాన్ని చీటీల సంఘమన్నారు. చేతిలో గుత్ప, అంటే దుడ్డుకర్ర, పట్టాక గుత్పల సంఘమన్నారు. సంఘం అడిగినవి పెద్ద కోరికలేం కావు. వెట్టి వద్దు, అక్రమ వసూళ్ళు వద్దు, చిన్న రైతు తిండిగింజలను లెవీ పేర ఊడ్చుకుపోవద్దు, కౌలుదారును బేదఖలు చేయొద్దు, అంతే. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ కౌలుకు చేసిన పొలం పంటను దొర మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే, సంఘం కార్యకర్తలు ఆ పంట కోసి ఆమె ఇంటికి చేర్చారు. అంతకు కొన్నేళ్ళ ముందు, సంఘం ఊళ్ళలోకి రాకముందే, కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ తన భూమి కోసం కోర్టుకెక్కి గెలిచి, ఆ గెలుపుకే దొర మనుషుల చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఈ రెండు సంఘటనలూ కడవెండి పరిసరాల్లోనివే. బందగీ కథలో చట్టం ఒక మనిషి పక్షాన తీర్పు చెప్పినా అతణ్ణి కాపాడలేకపోయింది. ఐలమ్మ కథలో చట్టం కాపాడని దాన్ని నలుగురు కలిసి కాపాడారు. జూలై 4 ఈ రెండు పాఠాల తర్వాత వచ్చిన రోజు.

ఆ రోజుల్లో సంఘం నాయకుల మీద దాడులు ఎక్కువయ్యాయి. జూలై 4న దొర మనుషులు కడవెండిలో ఇళ్ళ మీద పడి రాళ్ళు రువ్వారు. ఊరు ఊరంతా గుత్పలు, వడిసెలలు పట్టుకుని, నినాదాలు చేస్తూ ఊరేగింపు తీసింది. వడిసెల జొన్నచేల మంచె మీద నిలబడి పిట్టలను తోలే తాడు, వాళ్ళకు దాన్ని మించిన ఆయుధం లేదు. ఊరేగింపు గడి దగ్గరికి రాగానే లోపలి నుంచి తుపాకులు పేలాయి. ముందు వరుసలో ఉన్న దొడ్డి కొమరయ్యకు తూటా పొట్టలో దిగింది, అక్కడికక్కడే ప్రాణం పోయింది. అన్న మల్లయ్య కాలికి తూటా తగిలింది. మంగలి కొండయ్యకు నుదుటి మీద గాయమైంది, అతని తమ్ముడు నర్సయ్య కూడా గాయపడ్డాడు. కొమరయ్య కురుమ ఇంటి బిడ్డ. 1927లో పుట్టాడన్న లెక్కన ఇరవై కూడా నిండని వయసు.

తేదీల పట్టికలు రాసేవాళ్ళు ఇక్కడితో వాక్యం ముగిస్తారు. 'దొడ్డి కొమరయ్య అమరుడయ్యాడు' అని ఒక గీత గీసి తర్వాతి సంఘటనకు పోతారు. ఆ రోజుకు అసలు చరిత్ర ఆ గీత తర్వాతే మొదలైంది. తుపాకి మోగితే జనం చెదిరిపోతారన్నది గడి లెక్క, తరాలుగా ఆ లెక్క తప్పలేదు కూడా. ఆ రోజు తప్పింది. జనం పారిపోలేదు, కాల్చిన వాళ్ళనే తరిమారు. తరుముతుంటే వాళ్ళు గడిలో దూరి తలుపులు బిగించుకున్నారు. ఊరు గడిని చుట్టుముట్టి నిప్పు పెట్టడానికి సిద్ధమైంది. తమవాళ్ళను విడిపించడానికి విసునూరు నుంచి దొర కొడుకు రెండు వందల మందితో కత్తులు, తుపాకులు పట్టించుకుని వచ్చాడు. ఆ వార్త చుట్టుపక్కల ఊళ్ళకు పాకి అక్కడి జనం కడవెండికి పరుగెత్తి వచ్చారు. వచ్చిన ఆ మూక నిలవలేక వెనక్కి పారిపోయింది. ఆ తర్వాతే రిజర్వు పోలీసులు దిగారు. చర్య తీసుకుంటామని జనాన్ని నమ్మించి గడిలోని వాళ్ళను విడిచిపెట్టారు, కేసులు సంఘం వాళ్ళ మీద పెట్టారు. మర్నాటి నుంచి ఊరేగింపులు ఊరి నుంచి ఊరికి సాగాయి. ఒక ఊరి జనం పక్క ఊరికి పోయి సంఘం జెండా కట్టి, అక్కడి వాళ్ళను కలుపుకుని మూడో ఊరికి నడిచేవారు. దొర ముందు 'నీ బాంచెన్, కాల్మొక్త' అన్న మాటకు అలవాటుపడిన నోళ్ళు కొమరయ్య పేరు పలుకుతూ గడుల ముందు నుంచి పోయాయి. ఒక మనిషి చనిపోవడం వల్ల కాదు, ఆ చావును చూసి కూడా ఒక ఊరు నిలబడటం వల్ల ఈ తేదీ చరిత్రకెక్కింది.

దీనికి మొదటి అభ్యంతరం చరిత్రకారుల నుంచి వస్తుంది. పోరాటం జూలై 4న మొదలవలేదు కదా అంటారు. బందగీ అంతకుముందే చనిపోయాడు, ఐలమ్మ అంతకుముందే నిలబడింది. ఆయుధాలు పట్టమన్న పిలుపును రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ఇచ్చింది 1947 సెప్టెంబర్ 11న. మరి ఈ ఒక్క రోజుకు ప్రత్యేకత ఎక్కడిది? పైగా ఆ ఊరి రైతుకు జూలై నాలుగన్న మాటే పరాయిది. నిజాం సర్కారు కాగితాల్లో అది ఫసలీ 1355, రైతు లెక్కలో ఆరుద్ర కార్తె చివరి రోజులు. ఈ అభ్యంతరంలో నిజముంది. అయితే ఇదే ప్రశ్నను ఫిలడెల్ఫియాకు వేసి చూడండి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో తూటాలు పేలింది 1775 ఏప్రిల్‌లో. బ్రిటన్ నుంచి విడిపోవాలని ఓటు వేసింది 1776 జూలై 2న. మర్నాడు జాన్ ఆడమ్స్ తన భార్యకు రాసిన ఉత్తరంలో, రాబోయే తరాలు జూలై 2ను గొప్ప పండుగగా జరుపుకుంటాయని నమ్మకంగా చెప్పాడు. ప్రకటన మీద ఎక్కువ మంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. ఇన్ని తేదీల్లో జూలై 4 ఎందుకు నిలిచింది? తాము ఎందుకు లేచి నిలబడ్డామో అందరికీ చెప్పిన మాట ఆ రోజుకు చెందింది గనక. చారిత్రక దినం అంటే కార్యం మొదలైన రోజు కానక్కరలేదు. కార్యం స్వభావం బయటపడిన రోజు. కడవెండికి ముందు జనగామ తాలూకాలో అన్యాయం జరిగింది, దాన్ని ఎదిరించిన మనుషులూ ఉన్నారు. కడవెండితో ఎదిరింపు మనుషుల నుంచి ఊళ్ళకు మారింది. పధ్నాలుగు నెలల తర్వాత ఆయుధాలు పట్టమన్న పిలుపు వచ్చినప్పుడు దాన్ని అందుకోవడానికి ఊళ్ళు సిద్ధంగా ఉన్నాయంటే, ఆ తయారీ జూలై 4 నుంచి జరిగిందే.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. కడవెండి ఒక్క ఊరు, సెప్టెంబర్ 17 కోటీ అరవై లక్షల మందికి పైగా ఉన్న సంస్థానం తలరాత మార్చిన రోజు, రెండింటినీ ఒకే త్రాసులో ఎలా తూస్తారంటారు. సెప్టెంబర్ 17 గొప్పతనాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. రజాకార్ల దాడుల్లో ఊళ్ళకు ఊళ్ళు తగలబడిన కాలంలో ఆ రోజు తెచ్చిన ఊరట నిజమైనది. కానీ ఆ రోజు మారింది హైదరాబాదులోని పాలన. ఊళ్ళో పాలన గడిలో ఉండేదని ముందే చూశాం. పోరాటానికి జడిసి పట్నాలకు పోయిన దొరలు చాలామంది, పోలీసు చర్యగా పేరుపడ్డ ఆ సైనిక చర్య తర్వాత, ఖద్దరు టోపీలతో తిరిగి వచ్చారు, జనం పంచుకున్న భూములను మళ్ళీ లాక్కోచూశారు. సుందరయ్య లెక్క ప్రకారం మూడు వేల గ్రామాల్లో దాదాపు పది లక్షల ఎకరాల పంపిణీ జరిగింది, నాలుగు వేల మంది దాకా ప్రాణాలిచ్చారు. ఆ ప్రాణాల్లో చాలా సెప్టెంబర్ 17 తర్వాత పోయినవే. పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబరులో. మరోవైపు 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం, 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వినోబా భూదానం వచ్చాయి. ఇవన్నీ ఢిల్లీ దయ అనుకుంటే పొరపాటు. భూమి ప్రశ్నను వాయిదా వేయడం ఇక కుదరదని కడవెండి నుంచి మొదలైన నడక రుజువు చేశాకే వచ్చాయి. సెప్టెంబర్ 17 ఎవరి అధికారం పోయిందో చెబుతుంది. అధికారాన్ని కదిలించింది ఎవరో జూలై 4 చెబుతుంది. రెండోది తెలియకుండా మొదటిది చెబితే, సైన్యం వచ్చి జనాన్ని విడిపించిందన్న ఒంటి కథే పిల్లలకు మిగులుతుంది.

అధికారం ఇచ్చిన తేదీకీ, జనం సంపాదించిన తేదీకీ ఉన్న తేడా ఎంతటిదో చూడటానికి 1946 జూలై 4నే మనీలాలో జరిగిన ఘట్టం పనికొస్తుంది. ఆ రోజు అమెరికా జెండా దిగింది, ఫిలిప్పీన్స్ జెండా ఎగిరింది, మాన్యుయెల్ రోహాస్ స్వతంత్ర దేశాధ్యక్షుడయ్యాడు. ఆ తేదీని ఎంచింది అమెరికా కాంగ్రెసు. పదేళ్ళ గడువు తర్వాత వచ్చే జూలై 4న స్వాతంత్ర్యం ఇస్తామని 1934లోనే చట్టం చేసింది. తన పుట్టినరోజునే ఇంకో దేశానికి పుట్టినరోజుగా ఇచ్చింది. అదే సమయంలో లూజాన్ మైదానంలో కౌలు రైతులు భూస్వాములతో తలపడుతున్నారు, హుక్ తిరుగుబాటుగా చరిత్రకెక్కిన పోరు ఆ ఏడాదే మళ్ళీ రాజుకుంది. పదహారేళ్ళు గడిచాక, 1962లో, ఫిలిప్పీన్స్ తన స్వాతంత్ర్య దినాన్ని జూన్ 12కు మార్చుకుంది. అది 1898లో వాళ్ళ నాయకులు స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం తామే ప్రకటించుకున్న రోజు. ఇచ్చిన తేదీని పక్కన పెట్టి, చాటుకున్న తేదీని తెచ్చుకున్నారు. మనకు సెప్టెంబర్ 17ను పక్కన పెట్టనక్కర లేదు. మనకంటూ ఒక తేదీ ఉన్నదని గుర్తు చేసుకుంటే చాలు. మనీలాలో జూలై 4ను ఒక చట్టం నిర్ణయించింది. కడవెండిలో దాన్ని ఎవరూ నిర్ణయించలేదు, గడి ముందు నిలబడిన జనం పాదాలు నిర్ణయించాయి.

మూడో అభ్యంతరం జూలై 4 ఒక పార్టీ పండుగ అన్నది. ఆ రోజును ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకున్నది ఎర్రజెండా వాళ్ళేనన్నది నిజం, ఆ రుణం ఒప్పుకోవాలి. అంతమాత్రాన అది వాళ్ళకే పరిమితం కాదు. ఆనాటి సంఘంలో చీటీ పుచ్చుకున్న రైతుకు సిద్ధాంతం కంటే చెలక, లెవీ, వెట్టి దగ్గరి విషయాలు. ఆ రోజు ఊరేగింపులో నడిచిన వాళ్ళలో కురుమ, మంగలి ఇళ్ళ వాళ్ళున్నారని గాయపడిన వాళ్ళ పేర్లే చెబుతున్నాయి. ఏ జాతీయ దినానికైనా ఇటువంటి తగాదా తప్పదు. న్యూయార్కు రాష్ట్రంలో 1827 జూలై 4న బానిసత్వం రద్దయితే, అక్కడి నల్లవాళ్ళు తమ పండుగను మర్నాడు, జూలై 5న చేసుకున్నారు. 1852 జూలై 5న రోచెస్టర్‌లో ఫ్రెడరిక్ డగ్లస్ నిలబడి, ఈ స్వాతంత్ర్య దినం బానిసకు ఏమవుతుందని ఆ దేశాన్ని నిలదీశాడు. ఆ ప్రశ్న పండుగను చెరపలేదు, దాని హద్దులను విశాలం చేసింది. జూలై 4 మీదా మనం అటువంటి ప్రశ్నలు వేసుకోవచ్చు. కొమరయ్య పేరు చెప్పే సభల్లో ఇప్పటి కౌలు రైతు పేరు వినబడుతుందా అని అడగవచ్చు. భూమి కాగితాల్లో సాగుదారు కాలమ్ ఎందుకు చర్చనీయాంశమైందని అడగవచ్చు. ఈ ప్రశ్నలకు చోటిస్తేనే ఆ రోజు సజీవంగా ఉంటుంది.

నాలుగో మాట, ఇది జనగామ జిల్లా స్థానిక విషయమన్నది. జనగామ జిల్లా గీతలు 2016 అక్టోబర్ 11న గీసుకున్నవి. కడవెండి నడక ఆ గీతలకంటే పాతది, వాటికంటే పొడవైనది. పోలీసు చర్య తర్వాత మైదానంలో నిలవడం కష్టమై పోరాట దళాలు మానుకోట అడవులకు, అక్కడి నుంచి ఇప్పటి భూపాలపల్లి, ములుగు వైపు గోదావరి అడవులకు పోయాయి. అక్కడి లంబాడీ తండాలు, కోయ గూడేలు వాళ్ళకు అన్నం పెట్టినందుకు దెబ్బలు తిన్నాయి. దళాలకు ఆసరా దొరకకుండా చేయడానికి గూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాలకు తరలించారు. కడవెండి పక్కనే ఉన్న ధర్మాపురం లంబాడీలు తమ భూమి కోసం పోరాడి, జాటోత్ ఠాను నాయక్ వంటి వాళ్ళను పోగొట్టుకున్నారు. జనగామ కురుమ, పాలకుర్తి చాకలి, కామారెడ్డిగూడెం ముస్లిం రైతు, ధర్మాపురం లంబాడీ, గోదావరి ఒడ్డు కోయ, వీళ్ళందరి కథలను ఒక దారంలో గుచ్చగల రోజు జూలై 4 తప్ప మరొకటి నాకు కనిపించడం లేదు. సెప్టెంబర్ 17 ఈ జిల్లాలకు రాజధాని నుంచి వచ్చిన వార్త. జూలై 4 ఈ నేల మీద పుట్టి రాజధానికి పోయిన వార్త.

కాబట్టి చేయవలసింది కొత్త సెలవు అడగడం కాదు, ఇంకో విగ్రహం కట్టడమూ కాదు. ఈ జిల్లాల బడుల్లో జూలై 4 పాఠాన్ని కొమరయ్య మరణంతో ముగించకుండా ఆ సాయంత్రం దాకా చెప్పాలి. తూటా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి, తూటా తర్వాత ఊరు ఏం చేసిందో చెప్పాలి. మల్లయ్య, కొండయ్య, నర్సయ్యల పేర్లు కొమరయ్య పేరు పక్కన చదివించాలి. పరుగెత్తి వచ్చిన పక్క ఊళ్ళ పేర్లు ఆయా ఊళ్ళ పిల్లలకు తెలియాలి. సెప్టెంబర్ 17ను ఏ పేరుతో పిలవాలన్న వాదం అప్పుడు చేసుకుందాం, దానికి కావలసిన వెలుగు అప్పుడే దొరుకుతుంది. 1946 జూలై 4న కడవెండిలో తుపాకులు గడి వైపు ఉన్నాయి, ఊరి వైపు గుత్పలూ వడిసెలలూ ఉన్నాయి. ఆ రోజు పారిపోయింది తుపాకులున్న వాళ్ళు.